ట్రైనింగ్ ఫ్రీ సరే సార్, ఆ రోజుల కూలి ఎవరిస్తారు? – తెలంగాణ కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను హైదరాబాద్ బస్తీల్లో స్కిల్ ట్రైనింగ్ నడిపే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నా. ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ కోర్స్ పనికొస్తుందో చూసి క్లాసుకి తీసుకురావడం, జాబ్‌లో పెట్టాక ఫోన్లు చేసి ఉన్నారా మానేశారా కనుక్కోవడం, ఇదీ నా పని. మీ శాఖ మీద కంప్లైంట్ చెయ్యడానికి కాదు ఈ లెటర్. ఒక్కటే అడుగుతున్నా. మన రాష్ట్రంలో స్కిల్ ట్రైనింగ్‌కి డబ్బులిచ్చే ఫౌండేషన్లు, కంపెనీల సీఎస్ఆర్ (లాభంలో కొంత సమాజం కోసం పెట్టే ఖర్చు) వాళ్ళు ఎవరికి వాళ్ళు విడివిడిగా ఇస్తున్న గ్రాంట్లన్నీ ఒక్కచోటికి తెచ్చి, ఆల్రెడీ ఏదో ఒక కూలి పని చేసుకుంటూ బతుకుతున్న వాళ్ళ కోసం ఒక ఉమ్మడి ఫండ్ పెట్టించండి, దానికి మీరే పెద్దగా ఉండి అందర్నీ కూర్చోబెట్టండి.

ఐటీఐల విషయంలో జరిగింది మంచి పని, అది ఒప్పుకోవాల్సిందే. 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల ప్రాజెక్ట్, 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన, రోబోటిక్స్, సీఎన్‌సీ మెషిన్లు, ఇవన్నీ టెన్త్ పాసైన పిల్లలకి నిజంగా కావాలి. కానీ సార్, ఆ పిల్లల అమ్మానాన్నల సంగతేంటి? పొద్దున్నే అడ్డా మీద నిలబడే వాళ్ళు, హాస్పిటల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, సెక్యూరిటీ గార్డులు, ముప్పై ఐదు నలభై ఏళ్ళ వాళ్ళు, ఇంకో ఇరవై ఏళ్ళు కష్టపడాల్సిన వాళ్ళు. పల్లె యువత ట్రైనింగ్ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ స్కీమ్ డీడీయూ జీకేవై చూస్తే పల్లెటూరి వాళ్ళకే, అదీ మామూలుగా 35 ఏళ్ళ లోపు, ఆడవాళ్ళకి 45 దాకా. అడ్డా మీద నిలబడే 38 ఏళ్ళ మనిషి పల్లె వదిలి వచ్చేశాడు, వయసూ దాటిపోయింది, ఇంక ఆయనకి ఆ తలుపు మూసుకున్నట్టే.

మా బస్తీలో ఒక అక్క ఉంది, పేరు రాయను. ఒక ప్రైవేట్ హాస్పిటల్లో కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్, చేతికి పన్నెండు వేలు వస్తాయి, ఇద్దరు పిల్లలు. ఏళ్ళ తరబడి వార్డుల్లోనే తిరిగింది కాబట్టి పేషెంట్‌ని పక్కకి ఎలా తిప్పాలో, బెడ్‌పాన్ ఎలా పెట్టాలో, సెలైన్ అయిపోవస్తే ఎవర్ని పిలవాలో అన్నీ తెలుసు, సర్టిఫికెట్ ఒక్కటే లేదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (వార్డులో పేషెంట్లని చూసుకునే హెల్పర్) కోర్స్ ఫ్రీగా ఉందక్కా రా అని అడిగితే ఆమె అన్న మాట ఇది: "ఫ్రీ అంటే ఫీజు ఫ్రీ గదమ్మా, నేను మూడు నెలలు పనికి పోకుంటే కిరాయి ఎవరు కడ్తరు? మళ్ళ వచ్చేసరికి నా డ్యూటీ నాకుంటదా?" ఆమె షిఫ్ట్ పొద్దున ఏడు నుంచి మూడు, మా క్లాస్ పది నుంచి ఒంటిగంట. సాయంత్రం బ్యాచ్ పెడదామని మేమే అనుకున్నాం, కానీ డోనర్ రూల్స్‌లో అటెండెన్స్ టైమింగ్ పగలే ఉంది, సాయంత్రం ట్రైనర్‌కి ఎక్స్‌ట్రా ఇచ్చే హెడ్ బడ్జెట్‌లోనే లేదు, పిల్లల్ని చూసుకునే ఆయా కోసం అడిగితే "ఇది స్కిల్లింగ్ గ్రాంట్ కదా" అన్నారు. ఇంకో బ్యాచ్‌లో సిమెంట్ పని చేసే ఆడవాళ్ళకి వేలిముద్రల మెషిన్ అటెండెన్సే తీసుకోలేదు సార్, వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి వాళ్ళకి, చెయ్యి కడుక్కుని తుడుచుకుని మళ్ళీ మళ్ళీ పెట్టినా ఎర్ర లైటే. పని చేసీ చేసీ అరిగిన వేళ్ళు, ఆ పని చేసిందుకే క్లాసులో ఆబ్సెంట్ పడుతున్నాయి.

మహాలక్ష్మి బస్సు వచ్చాక ఆడవాళ్ళకి ఛార్జీల బాధ తప్పింది, ఇది మేం కళ్ళారా చూశాం, దూరం సెంటర్‌కి కూడా ఇప్పుడు వస్తున్నారు. ఆ ఒక్క ఖర్చు తీసేస్తేనే ఇంత తేడా వచ్చిందంటే మిగతావి కూడా చూడాలి కదా, పోయిన కూలి, పిల్లల్ని చూసే మనిషి, రాత్రి క్లాస్ అయ్యాక ఇంటికి చేరే దారి.

డబ్బుల్లేక కాదు సార్ ఇదంతా. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 135 ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్ గానీ 1,000 కోట్ల టర్నోవర్ గానీ 5 కోట్ల లాభం గానీ ఉన్న కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి పెట్టాలి, అందులో వృత్తి నైపుణ్యాలు కూడా ఉన్నాయి. పెడుతున్నారు కూడా. కానీ ఒకాయన 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళే కావాలంటారు, ఇంకొకరు ఆడపిల్లలే కావాలంటారు, మరొకరు మా ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళే అంటారు, అందరికీ మార్చి 31లోపు ప్లేస్‌మెంట్ నంబర్ కావాలి. ఒక్కొక్కరిది ఒక్కో ఎక్సెల్ ఫార్మాట్, ఒక్కో ఆడిట్. మా ఆఫీసులో ఇద్దరు మనుషులు అచ్చంగా రిపోర్టులకే సరిపోతున్నారు, వాళ్ళు బస్తీలో తిరిగితే ఇంకెంత మందికి పనయ్యేదో. పైగా సీఎస్ఆర్‌లో స్థానిక ప్రాంతానికి ముందు ఇవ్వాలనే మాట ఉంది కాబట్టి కంపెనీలున్న హైదరాబాద్ చుట్టూనే డబ్బు తిరుగుతుంది, ఆసిఫాబాద్‌కీ నారాయణపేటకీ ఎవరు వెళ్తారు?

అందరూ కలిసి ఒకే కుండలో వేస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2021 అక్టోబర్‌లో స్కిల్ ఇంపాక్ట్ బాండ్ మొదలైంది, కోటీ నలభై నాలుగు లక్షల డాలర్లు, నాలుగేళ్ళలో 50,000 మంది యువతకి ట్రైనింగ్, అందులో 60 శాతం ఆడపిల్లలు ఉండాలని టార్గెట్. బ్రిటిష్ ఏషియన్ ట్రస్ట్ అందర్నీ కలిపింది, నేషనల్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ (ఎన్ఎస్‌డీసీ), మైకేల్ అండ్ సుసాన్ డెల్ ఫౌండేషన్ ముందు డబ్బు పెట్టాయి, ఫలితం వచ్చాక తిరిగి కట్టే బాధ్యత చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్, హెచ్ఎస్‌బీసీ ఇండియా, జేఎస్‌డబ్ల్యూ ఫౌండేషన్, దుబాయ్ కేర్స్ తీసుకున్నాయి. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఎంతమంది క్లాసులో కూర్చున్నారు అని కాకుండా ఎంతమంది జాబ్‌లో చేరి మూడు నెలలు నిలబడ్డారు అని చూసి డబ్బు కట్టడం. మా పనిలో అసలు కష్టం అక్కడే ఉంది, చేరిన మొదటి నెలలోనే సగం మాటలు తేడా వస్తాయి, చెప్పిన జీతం ఒకటి చేతికొచ్చేది ఒకటి, హాస్టల్లో నీళ్ళు రావు, ఇంటి నుంచి ఫోన్, అంతే బ్యాగ్ సర్దుకుని వచ్చేస్తారు.

అయితే ఆ బాండ్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపమని అనట్లేదు. అంత పెద్ద లీగల్ ఏర్పాటు, థర్డ్ పార్టీ లెక్కలు, అవి చిన్న సంస్థలు మొయ్యలేవు. ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఫలితం చూపిస్తేనే డబ్బు అంటే సెంటర్ల వాళ్ళు ఎలాగూ జాబ్ దొరికే వాళ్ళనే ఏరి తీసుకుంటారు, ఇంటర్ చదివి కాస్త ఇంగ్లిష్ వచ్చిన పిల్లలతో బ్యాచ్ నింపేస్తారు, మా అక్కలాంటి వాళ్ళు మళ్ళీ బయటే. అందుకని ఒంటరి తల్లికి, నలభై దాటిన మనిషికి, చదువు రాని కూలీకి ట్రైనింగ్ ఇచ్చి నిలబెడితే ఎక్కువ రేటు కట్టేలా మొదట్లోనే రాసుకోవాలి.

అమెరికాలో ఇలా డబ్బు ఒక్కచోట కలపడం ఇంకాస్త ముందే జరిగింది. బోస్టన్‌లో 2003లో స్కిల్‌వర్క్స్ అని ఫౌండేషన్లూ సిటీ గవర్నమెంటూ కలిసి డబ్బు ఒక్కచోట వేశారు, తర్వాత 2007లో ఫోర్డ్, యానీ కేసీ, హిటాచీ లాంటి ఫౌండేషన్లు కలిసి నేషనల్ ఫండ్ ఫర్ వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ పెట్టాయి, ఏ ఊరికి ఆ ఊరు లోకల్ డోనర్లని కూడగట్టుకోవాలన్నది పద్ధతి. అక్కడ వాళ్ళు పట్టుకున్న మెయిన్ పాయింట్, ట్రైనింగ్ ఇచ్చి వదిలెయ్యడం కాదు, యజమానిని కూడా టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం. ఈ కోర్స్ చేస్తే ఏ పోస్ట్ ఇస్తావు, జీతం ఎంత పెంచుతావు అని ముందే అడగడం. ఇది మనకి చాలా అవసరం సార్, ఎందుకంటే మా అక్క మూడు నెలలు కష్టపడి సర్టిఫికెట్ తెచ్చుకున్నాక కూడా జీతం పదమూడు వేలే అంటే ఆ కోర్స్ ఎందుకు చెయ్యాలి, మీరే చెప్పండి.

ట్రైనింగ్ ఇచ్చి జాబ్‌లో పెట్టడం మనకి కొత్త విషయం కూడా కాదు. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లోనే ల్యాబ్స్ (లైవ్లీహుడ్ అడ్వాన్స్‌మెంట్ బిజినెస్ స్కూల్) పేరుతో పేద పిల్లలకి చిన్న కోర్సులిచ్చి జాబ్స్‌లో పెట్టడం ఇక్కడి నుంచే మొదలుపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధి మిషన్ ఈజీఎంఎం పల్లె పిల్లల కోసం పనిచేసింది. కన్‌స్ట్రక్షన్ వాళ్ళకి 1998 నుంచి న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది. నాంది, జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ లాంటివి ఈ ఊళ్ళోనే పని చేస్తున్నాయి. మనుషులున్నారు, అనుభవం ఉంది, పిలిచేవాళ్ళే కావాలి. ఏ ఒక్క ఫౌండేషన్ పిలిచినా మిగతావాళ్ళు అది వాళ్ళ ప్రాజెక్ట్ అనుకుంటారు, మీరు పిలిస్తే ఆ ఇబ్బంది రాదు.

ఒక మనవి, ఆ డబ్బు మాత్రం ట్రెజరీలోకి వెళ్ళకూడదు. బిల్లులు పెండింగ్ అంటే ఏంటో చిన్న సంస్థలకి బాగా తెలుసు, ట్రైనర్ల జీతాలు ఆగిపోతే బ్యాచ్ మధ్యలోనే చెదిరిపోతుంది. ప్రభుత్వమే పెట్టిన సెక్షన్ 8 కంపెనీ (లాభం కోసం కాకుండా నడిచే కంపెనీ) గానీ సొసైటీ గానీ సీఎస్ఆర్ డబ్బు తీసుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది, ఆ దారిలో వెళ్ళొచ్చు. 2021 సవరణ తర్వాత కార్పస్‌కి (ఖర్చు పెట్టకుండా దాచే మూలధనానికి) ఇచ్చింది సీఎస్ఆర్ కింద లెక్కకి రాదు కాబట్టి కోట్లు తెచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి వడ్డీతో నడుపుదాం అనే ఆలోచన కుదరదు, ప్రాజెక్ట్ ప్రకారం తేవాలి, ఆ ప్రాజెక్ట్‌లోనే ఖర్చవ్వాలి. అప్లికేషన్ ఒకటే, రిపోర్ట్ ఒకటే, ఆడిట్ ఒకటే. క్లాసుకొచ్చిన రోజులకి పోయిన కూలిలో కనీసం సగమైనా చేతికి రావాలి, ఈ ఒక్కటి లేకపోతే మిగతా ఎన్ని పెట్టినా మా బస్తీ వాళ్ళు రారని రాసిస్తా. సెంటర్లో పిల్లల గది ఉండాలి, సాయంత్రం, ఆదివారం బ్యాచ్‌లు ఉండాలి, వేలిముద్ర పడకపోతే రిజిస్టర్‌లో సంతకం ఒప్పుకోవాలి. జాబ్‌లో చేరాక మూడు నెలలు కాదు ఆరు నెలలు వెనకాల ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి జీతం కూడా ఫండ్‌లోంచే రావాలి. బోర్డులో డోనర్లూ ఆఫీసర్లూ మాత్రమే కాకుండా కార్మికులు కూడా కూర్చోవాలి, చూడ్డానికి ఒకరు కాదు, మాట చెల్లేంత మంది.

ముందు రెండు చోట్ల మొదలుపెట్టండి, హైదరాబాద్‌లో హాస్పిటల్ వర్కర్లతో ఒకటి, నారాయణపేట వైపు నుంచి వలస వెళ్ళే కూలీలతో ఒకటి. ఏడాది నడిచాక లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టండి, ఎవరు నిలబడ్డారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు, మానేసిన వాళ్ళ లెక్కలు ముఖ్యంగా.

మీరు ఫౌండేషన్ల వాళ్ళతో మీటింగ్ పెడితే మా బస్తీ నుంచి హౌస్‌కీపింగ్ అక్కలని, అడ్డా అన్నలని నేను తీసుకొస్తా, వాళ్ళే చెప్తారు ఏం కావాలో. కాకపోతే ఆ మీటింగ్ ఆదివారం సాయంత్రం పెట్టించండి సార్, మిగతా రోజుల్లో వస్తే వాళ్ళకి ఆ పూట కూలి పోతుంది.

ఇట్లు,
మీ రాష్ట్ర పౌరురాలు, ఒక బస్తీ ట్రైనింగ్ సెంటర్ ఉద్యోగి