ఇల్లు వెతుక్కుంటున్న అమ్మడికి

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. రాత్రి నువ్వు పంపిన గది ఫొటోలు అమ్మా నేనూ చూశాం. "3,500 అద్దె నాన్నా, భీమవరంలో ఇంత చవగ్గా ఇంకోటి దొరకదు, పొద్దున్నే అడ్వాన్సు కట్టేయనా?" అని అడిగావు. కట్టకు. ఆదివారం దాకా ఆగమని చెప్పు. ఇవన్నీ ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇల్లు చూడ్డానికి వెళ్ళేటప్పుడు బ్యాగులో ఉంచుకో.

నర్సుగా నీ జీతం 14,000. రైసు మిల్లు గుమస్తాకి లెక్క తప్ప ఇంకోటి రాదు కాబట్టి లెక్కే చెబుతాను. అద్దె ఒక్కటీ ఒక పద్దు కింద రాసుకోకు. అద్దె, కరెంటు, నీళ్ళు, రాకపోకలు నాలుగూ కూడి, అప్పుడు ఆ గది చవకో కాదో చెప్పు.

ముందు నీళ్ళ సంగతి. మండపేటలో పెరిగావు కాబట్టి నీకు ఉప్పునీళ్ళ బాధ తెలీదు. భీమవరానికి సముద్రం దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్ళు చాలాచోట్ల నోట పెట్టుకోలేం. ఊరంతా తాగేది గోదావరి కాలువ నీళ్ళే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో, ఈనాటికీ డెల్టా గొంతు తడుపుతున్నవి ఆ కాలువలే. అయితే వాటిని ఏటా వేసవిలో కట్టేసి మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యలో మునిసిపాలిటీ ముందే చెరువుల్లో నింపుకున్న నీళ్ళతోనే నెట్టుకు రావాలి. అందుకని ఇప్పుడు కుళాయి ధారగా వస్తోందని చూసి మోసపోకు. మే నెలలో ఎన్ని రోజులకోసారి వదులుతారో, ఎంతసేపు వదులుతారో అడుగు. ఆ మాట ఇంటాయన్ని కాదు, పక్క వాటాలో అద్దెకున్న వాళ్ళని అడగాలి. చెయ్యి కడుక్కుంటానని చెప్పి బాత్రూములో కుళాయి తిప్పు. సబ్బు నురగ రాకుండా, కుళాయి మొదట్లో తెల్లటి పొర కట్టి ఉందేమో చూడు. అలా ఉంటే అవి ఉప్పు బోరు నీళ్ళే. వాటితో తల స్నానం చేసి జుట్టు రాలిపోతోందని మీ అమ్మకి ఫోన్ చేస్తే నన్ను తిడుతుంది.

ఇంకోటి, యనమదుర్రు డ్రెయిను అనే మురుగు కాలువ చుట్టుపక్కల పల్లపు వీధులు. గది కింద వాటాలో ఉంటే గోడ అడుగున చెమ్మ గీత ఉందేమో చూడు. ఫొటోలో ఆ గదికి కొత్తగా రంగు వేసినట్టుంది. వానాకాలం అయిపోయిన వెంటనే రంగు వేశారంటే కాస్త అనుమానించాల్సిందే.

ఇక కరెంటు. యూనిట్‌కి 9 రూపాయల చొప్పున ఇంటివాళ్ళు వాటాకి పెట్టిన సబ్ మీటరు చూసి తీసుకుంటారని నువ్వే రాశావు. ఆ ముక్క చదివాక నాకు నిద్ర పట్టలేదు. 2022లో పెట్టిన స్లాబుల ప్రకారం ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, ఆపై 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కణ్ణుంచి 400 దాకా 8.75. నీకు ఫ్యానూ లైటూ కలిపి నెలకి 60 యూనిట్లు అనుకుందాం. నీ పేరున విడి మీటరు ఉంటే 57, 90 కలిపి 147 రూపాయలు, పైన ఇతర చార్జీలు. సబ్ మీటరు మీద అదే 540. ఇంటావిడ చెప్పేది కూడా కొంత నిజమే, నాలుగు వాటాలకీ ఒకే మీటరు కాబట్టి పై స్లాబు పడుతుంది. కానీ నాలుగు వాటాలకీ 240 యూనిట్లు కాలితే ఆవిడకి వచ్చేది 1,148. సగటు 5 రూపాయలు కూడా లేదు. మిగతా చార్జీలన్నీ వేసుకున్నా 6, 7 దగ్గర తేలాలి. ఈ లెక్క కాగితం మీద వేసి మర్యాదగా చూపించు. "మా నాన్నగారు అడగమన్నారండీ" అను, నేను చెడ్డవాణ్ణయినా పర్లేదు.

ఆ గది నుంచి మీ ఆసుపత్రికి షేర్ ఆటో రానూ పోనూ 60 అన్నావు. నెలకి 26 డ్యూటీలంటే 1,560. మంచినీళ్ళ టిన్నులు 300. అంతా కలిపితే 3,500 గది కాస్తా 5,900 అయి కూర్చుంది. ఆసుపత్రి వెనక వీధిలో 4,500 అని వద్దనుకున్న గదికి విడి మీటరూ, మునిసిపాలిటీ కుళాయీ ఉన్నాయన్నావు కదా. కరెంటు 250 వేసుకున్నా, నీళ్ళు కాచుకు తాగినా, నడిచి వెళ్ళొచ్చినా 4,750. ఖరీదైంది ఏదో నువ్వే చూడు.

మీ పిన్ని వీరవాసరంలోనో పాలకొల్లులోనో గది తీసుకోమంటోంది. అద్దె తక్కువే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులూ లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పగటి డ్యూటీలే అయితే నేనూ అదే అందును. నీకు నెలలో సగం నైటు డ్యూటీలు. రాత్రి తొమ్మిది దాటాక బస్టాండులో నిలబడి పొదుపు చెయ్యక్కర్లేదు.

మనుషుల దగ్గరికి వస్తాను. పెళ్ళికాని ఆడపిల్లకి ఇల్లు ఇవ్వం అంటారు, నీసు వండకూడదంటారు, అన్నిటికన్నా ముందు "మీరేవిట్లండీ" అంటారు. అద్దె ఇళ్ళు మారుతూ బతికిన నాకు ఆ ప్రశ్న కొత్త కాదు, ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అబద్ధం చెప్పకు, సంజాయిషీ కూడా ఇవ్వకు. ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన ఇంట్లో నువ్వు ఏం వండుకుంటున్నావో, ఎవరొచ్చి వెళ్ళారో రోజూ లెక్క చెప్పాల్సి వస్తుంది. పిల్లల్ని చదివించుకుంటున్న ఇల్లో, కొడుకులు దూరాన ఉన్న ముసలి దంపతుల ఇల్లో దొరికితే మంచిది. నర్సు పిల్ల మేడ మీద ఉంటే వాళ్ళకీ ధైర్యమే. బీపీ చూడమని రోజూ పిలుస్తారు, అది మాత్రం భరించాలి.

బ్రోకర్ని పట్టుకోకు, నెల అద్దె కమీషన్ అంటాడు. మీ ఆసుపత్రి ఆయాల్ని, మందుల షాపు కుర్రాణ్ణి అడుగు. టులెట్ బోర్డు పెట్టకముందే ఖాళీలు వాళ్ళకి తెలుస్తాయి. ఆదివారానికి కుదరకపోతే కంగారేం లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో జనం ఇళ్ళు మారరు కాబట్టి అప్పుడు ఖాళీగా ఉన్న వాటా ఓనరు రెండు మూడు వందలు దిగుతాడు. ముహూర్తం పట్టింపు మనకి లేదు. మీ అమ్మకుంది, దానికి నేను చెప్పుకుంటాను. అందాకా లేడీస్ హాస్టల్లోనే ఉండు.

ఆ 3,500 గదికి ఐదు నెలల అడ్వాన్సు అడగడం అన్యాయం. కేంద్రం 2021లో పంపిన నమూనా అద్దె చట్టంలో కాపురం ఇళ్ళకి రెండు నెలల అద్దె మించి అడ్వాన్సు ఉండకూడదని ఉంది. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే దానికి బలం, అయినా బేరానికి పనికొస్తుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు, కంగారు పడకు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ చేసేదే. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో ఇస్తారు, సున్నం ఖర్చు ఎవరిది, అద్దె ఎప్పుడు ఎంత పెంచుతారు, ఈ నాలుగూ అందులో ఉండాలి. డబ్బు చేతికివ్వకు. ఫోన్‌పేలో "అడ్వాన్సు" అని రాసి పంపు. దిగే రోజున గోడలూ, స్విచ్చులూ, సింకూ, మీటరు అంకె ఫొటో తీసుకుని ఇంటాయనకే వాట్సాప్ చెయ్యి. ఖాళీ చేసేటప్పుడు పగిలిన అద్దం నీ నెత్తిన పడదు.

మన స్థలం సంగతి అడిగావు. పట్టా ఉంది, చేలో ఇచ్చారు కాబట్టి మెరక తోలించాలి. ఇంటికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు పునాది దాటి ఎంతవరకు వస్తుందో మేస్త్రీ నవ్వుతూ చెప్పాడు. దానికోసం నువ్వు జీతంలోంచి ఏమీ పంపొద్దు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఆసుపత్రి వెనక గది ఇంకా ఉందేమో రేపే కనుక్కుని, ఉంటే 500 బయానా ఇచ్చి ఆపు. మీ అమ్మ బియ్యం, పచ్చళ్ళు కడుతోంది. గది కుదరకుండా ఇవన్నీ ఎక్కడ పెడతావే అంటే వినడం లేదు.

నాన్న