మా వాడి తెలుగు మాటలు కూడా లెక్కలోకి తీసుకున్నందుకు

పోయిన గురువారం మా పేరెంట్ ఎడ్యుకేటర్, అంటే బడిలో చేరే ముందే ఇంటికొచ్చి పిల్లాడి ఎదుగుదల చూసి మాకు సలహాలిచ్చే ఆవిడ, ఆఖరిసారి మా ఇంటికి వచ్చి వెళ్లారు. ఆగస్టులో మా బాబు కిండర్‌గార్టెన్‌లో చేరుతున్నాడు, ఇక ఆవిడ రావడం ఉండదు. ఇంగ్లిష్‌లో ఒక కార్డు రాసిచ్చాం, మా అత్తయ్యగారు చేసిన సున్నుండలు ఒక డబ్బా ఇచ్చాం. అయినా చెప్పాల్సింది సగం లోపలే ఉండిపోయింది. అది తెలుగులో తప్ప నాకు రాయడం రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ దగ్గర. బాబు పుట్టాక మా అమ్మ ఉన్న మూడు నెలలూ ఎలా గడిచాయో తెలియలేదు. ఆమె వెళ్లిపోయాక అసలు కష్టం మొదలైంది. బయట మంచు, ఈయన ఆఫీసుకి, నాకు కారు నడపడం రాదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేనూ, నాలుగు నెలల పిల్లాడూ. అప్పుడు గుడిలో పరిచయమైన ఒక అక్క, "స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యి, ఇంటికే వస్తారు, పైసా కట్టక్కర్లేదు" అంది. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మేముండే ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థ. నాలుగు నెలల పిల్లాడికి స్కూలుతో ఏం పని అనుకున్నాను. నేను నసుగుతుంటే ఆ అక్కే నంబర్ నొక్కి ఫోన్ నా చేతికిచ్చింది.

ఆ ప్రోగ్రామ్ పేరు పేరెంట్స్ యాజ్ టీచర్స్. ఇది మిస్సోరీలోనే పుట్టిందట. 1981లో నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల్లో మొదలుపెట్టారు. 1984లో అప్పటి గవర్నర్ కిట్ బాండ్ చట్టం మీద సంతకం చేశాక రాష్ట్రమంతటికీ వచ్చింది. ఇప్పుడు అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఉంది. పిల్లాడు బడిలో అడుగుపెట్టే రోజు దాకా ఆగితే ఆలస్యమైపోతుందని, బడే ముందు ఇంటికి రావాలన్నది వాళ్ల ఆలోచన. మమ్మల్ని జీతమెంత అనిగానీ, వీసా ఏమిటనిగానీ ఎవరూ అడగలేదు. ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నామా, ఇంట్లో చిన్నపిల్లాడున్నాడా, అంతే.

మా పేరెంట్ ఎడ్యుకేటర్ నెలకోసారి వచ్చేవారు. గుమ్మం దగ్గర చెప్పులు చూసి, చెప్పకుండానే బూట్లు విప్పేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. సంచీలో ఖరీదైన బొమ్మలేమీ ఉండేవి కావు. ఒకసారి ఖాళీ అట్టపెట్టె, రెండు సాక్సులు. ఇంకోసారి మా వంటింట్లో ఇడ్లీ ప్లేటు చూసి, బంతులు ఒక్కో గుంటలో పెట్టించి గంటసేపు ఆడించారు. ఆట అయ్యాక నావైపు తిరిగి, "నువ్వెలా ఉన్నావు, నిద్రపోతున్నావా?" అని అడిగేవారు. ఆ ఊళ్లో ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే.

బాబుకి ఇరవై రెండో నెల వచ్చినా మాటలు రాలేదు. తెలిసినవాళ్లు ఒకరు, "ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే ఇంతే, తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడండి" అన్నారు. మానేశాం కూడా. మూడు వారాలపాటు కన్నబిడ్డతో పరాయివాళ్లలా మాట్లాడాను. ఆ తర్వాత మా ఎడ్యుకేటర్ వచ్చినప్పుడు ఫారం తీసి, ఎన్ని మాటలంటాడని అడిగారు. 'బాల్', 'నో', రెండే అన్నాను, తలదించుకుని. ఆవిడ పెన్ను ఆపి, "మీ భాషలో?" అన్నారు.

బువ్వ, తాత, జోజో, కాకి, ఛీ, పాలు, బూచి... నేను చెబుతుంటే ఆవిడ ఒక్కోటి పలికించుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, పక్కన అర్థం వేసుకున్నారు. మొత్తం పద్నాలుగు వచ్చాయి. "ఇవి మాటలు కావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ కాగితం ఫోటో తీసుకుని దాచుకున్నాను.

అలాగని అంతా బాగుందని నచ్చజెప్పి వెళ్లిపోలేదు. రెండేళ్ల పిల్లలకి సుమారు 50 మాటలు రావాలి, ఏ భాషవైనా అన్నీ కలిపి. పద్నాలుగు తక్కువేనని స్పష్టంగా చెప్పారు. ఆ నెలలోనే డిస్ట్రిక్ట్ వాళ్లు చేసే స్క్రీనింగ్‌లో చెవులు పరీక్షించారు. రెండుసార్లూ పాస్ కాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. పిల్లాడు మా మాటలన్నీ నీళ్లలో మునిగి వింటున్నట్టు విన్నాడన్నమాట, ఇన్నాళ్లూ. తప్పు తెలుగుది కాదు. చిన్న ఆపరేషన్ చేసి, ఆ నీరు పోయేలా చెవుల్లో సన్నని ట్యూబులు పెట్టారు. వారం తర్వాత నేను పోపు పెడుతుంటే ఆవాలు చిటపటలాడాయి. వాడు ఆడుకుంటున్నవాడల్లా లేచొచ్చి, పొయ్యి వైపు వేలు చూపించి "టప్ టప్" అన్నాడు. అప్పటిదాకా వాడికి ఆ చప్పుడు ఉందనే తెలియదు.

మూడేళ్లు నిండాక డిస్ట్రిక్ట్‌లోనే స్పీచ్ థెరపీ ఇచ్చారు, అదీ ఉచితంగానే. దానికి ముందు చేసిన పరీక్షకి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించారు. పిల్లాడికి వచ్చిన భాషలోనే పరీక్ష చెయ్యాలని, ఇంగ్లిష్ రాకపోవడాన్ని లోపంగా లెక్కగట్టకూడదని ఇక్కడి చట్టంలోనే ఉందట. బొమ్మ చూపిస్తే వాడు "పిల్లి" అన్నాడు, ఇంటర్‌ప్రెటర్ గారు నవ్వారు, ఎదురుగా కూర్చున్న థెరపిస్ట్ మార్కు వేశారు. ఇవాళ వాడి నోరు మూయించలేకపోతున్నాం, రెండు భాషల్లోనూ.

మా పేరెంట్ ఎడ్యుకేటర్‌కి, చెవులు పరీక్షించిన నర్సుగారికి, రెండేళ్లు ఓపిగ్గా మాటలు నేర్పిన థెరపిస్ట్‌కి, ఆ ఇంటర్‌ప్రెటర్ గారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. శనివారాల్లో స్కూల్లో జరిగే ప్లే గ్రూపులో పరిచయమై, తర్వాత నాకు డ్రైవింగ్ నేర్పిన బోస్నియా అమ్మాయికి కూడా.

మిస్సోరీలో ఉంటూ, ఇంట్లో ఇంకా బడికి వెళ్లని పిల్లలున్న తెలుగువాళ్లకి ఒక్క మాట. మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఫోన్ చేసి పేరెంట్స్ యాజ్ టీచర్స్ కావాలని అడగండి. కడుపుతో ఉన్నప్పుడే చేరొచ్చు. ఖాళీ లేదంటే పేరు రాయించండి. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంటే నాకు చెప్పండి, వచ్చి మీ పక్కన కూర్చుని నంబర్ నేనే నొక్కిస్తాను.