ఆ బిళ్ల ముక్కలు చెయ్యకు

బరంపురం,
ఆదివారం

చిరంజీవి చిన్నోడికి,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నీళ్లు నమిలాను. పక్కన మీ అమ్మ ఉంది మరి. నువ్వు వేసుకునేది నడుం నొప్పి మందే అనుకుంటోంది ఇంకా.

ట్రమడాల్ అనే నొప్పి మందు అలవాటు మళ్లీ పట్టకుండా ఏడాదిగా నాల్ట్రెక్సోన్ బిళ్ల వాడుతున్నాను, సూరత్‌లో రెండుసార్లు జలుబు పట్టింది, ఇమ్యూనిటీ పోతోందేమో అన్నావు. అది పిచ్చి భయమేం కాదు. మార్ఫిన్ జాతి మందులు అతుక్కునే చోట్లు మెదడులోనే కాదు, తెల్ల రక్తకణాల మీదా ఉంటాయి. ఇచ్ఛాపురం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుతాం చూడు, ఈ బిళ్ల పనీ అదే. తను ప్రయాణం చెయ్యదు, మార్ఫిన్ జాతిదే అయిన ట్రమడాల్‌ని కూర్చోనివ్వదు. నొప్పి తగ్గించడానికి ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లకీ ఆ సీటు దొరకదు. అయినా అమెరికాలో 1984 నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. రోజూ వేసే 50 మిల్లీగ్రాములు ఇమ్యూనిటీని పడగొడతాయని తేల్చిన రుజువు లేదు. వైరస్ పట్టిన కణాలని చంపే తెల్ల కణాలని, అదే నేచురల్ కిల్లర్ కణాలని, మందగింపజేసేది మార్ఫినే. (ట్రమడాల్ ఆ విషయంలో కాస్త నయమంటారు. దాన్ని వెనకేసుకు రావడానికి చెప్పట్లేదు.)

ముక్క చేసి వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందని మీ షెడ్డు కుర్రాడు చెప్పాడన్నావు. నాలుగున్నర మిల్లీగ్రాముల లెక్కన క్రోన్స్ అనే పేగు జబ్బుకి ప్రయత్నించిన మాట నిజమే, చిన్న చిన్న పరీక్షలు. నీకది కాదు. ముక్క వేస్తే తువ్వాలు మధ్యాహ్నానికే జారిపోతుంది. అలవాటు తప్పిన ఒంటికి ఆ రోజు పాతలెక్కన ట్రమడాల్ పడిందంటే ఊపిరే ఆగిపోవచ్చు.

ఇంకో మాట. 2018లో ట్రమడాల్‌ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చేదాకా నా కొట్లో చీటీ అడిగిన పాపాన పోలేదు. అట్ట కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాణ్ణి. పన్నెండు గంటల మగ్గం డ్యూటీకి నడుం పట్టేస్తోందన్నప్పుడు నీ సంచిలో, మీ అమ్మ కట్టిన అరిసెల డబ్బా కింద, మొదటి అట్ట పెట్టింది నేనే.

పన్ను పీకించుకునే ముందు డాక్టరుకి ఈ మందు సంగతి చెప్పు, కొన్ని నొప్పి మందులు నీమీద పనిచెయ్యవు. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించు, దాన్ని ఈ బిళ్ల మీదికి తొయ్యకు. లివరు పరీక్ష ఈ నెలే కదా. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు, మీ అమ్మ ఫోనుకి కాదు, నా ఫోనుకి.

నాన్న