అన్ని మరకలకూ ఒకే సీసా: మేమెందుకు అమ్మడం లేదంటే

మా ఇత్తడి, రాగి, ఇనుప పాత్రల దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

శ్రావణ మాసం దగ్గర పడుతోంది. అటకల మీది బిందెలు, దీపపు కుందులు కిందికి దిగే రోజులివి. తోమడానికి ఏం వాడాలని ఏటా ఈ సమయంలోనే అడుగుతుంటారు. ఈసారి ఒక తయారీ సంస్థ వారు వచ్చి, వంటింట్లోని ప్రతి మరకనూ వదిలించే ద్రావణమంటూ మా పేరు అచ్చువేసిన సీసాలు ఇస్తామన్నారు. లాభం బాగానే మిగిలేది. అయినా వద్దన్నాం. ఇత్తడి కిలుముకు పులుపు కావాలి, పొయ్యి జిడ్డుకు క్షారం కావాలి. రెంటినీ ఒకే సీసాలో పోస్తే ఒకదాన్నొకటి విరిచేస్తాయి. పైగా ఆ రెండూ ఇప్పటికే మీ వంటింటి డబ్బాల్లో ఉన్నాయి.

ముందు ఇత్తడి సంగతి. నిమ్మకాయంత పాత చింతపండు నానబెట్టి, ఆ గుజ్జులో గుప్పెడు కల్లుప్పు కలిపి పాత్రకు పట్టించండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కిలుమును కరిగిస్తుంది. వేలితో ఒకసారి రుద్దగానే ఆ గీత మేర పసుపు మెరుపు బయటపడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. రాత్రంతా నానబెట్టారో, జింకు కరిగిపోయి ఇత్తడి గులాబి రంగుకు తిరుగుతుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తడిగా బోర్లిస్తే తెల్లవారేసరికి మచ్చలు తేలతాయి. ఈ వైద్యం పాత్ర బయటి వైపుకే. లోపల కళాయి పోసిన గిన్నెను చింతపండుతోగానీ ఇనుప పీచుతోగానీ తోమకండి, తగరం పూత అరిగిపోతుంది.

పొయ్యి చుట్టూ, పోపు చిట్లే గోడ మీద పేరుకున్న జిడ్డుకు వంట సోడాను తడిపి ముద్దలా పట్టించి, పావుగంట తర్వాత వేడి నీళ్ల గుడ్డతో తుడవండి. స్టీలు చిమ్నీ జాలీలాంటి మొండి జిడ్డుకు చాకలి సోడా కలిపిన వేడి నీళ్లు కావాలి, చేతికి తొడుగు తప్పనిసరి. అల్యూమినియం వస్తువులను మాత్రం అందులో ముంచకండి, నల్లబడి పాడవుతాయి. మన అమ్మమ్మలు కచ్చిక బూడిదతో, కొబ్బరి పీచుతో తోమినా జిడ్డు వదిలిందంటే ఆ బూడిదలో ఉన్నదీ క్షారమే. అడుగంటిన పాల గిన్నెలో నీళ్లు పోసి, చెంచాడు వంట సోడా వేసి మరిగిస్తే మాడు రేకులుగా ఊడుతుంది.

వెనిగర్, వంట సోడా కలిపి నురగ తెప్పించే వీడియోలు నమ్మకండి. ఆ నురగ బొగ్గుపులుసు వాయువు, అది పోయాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటిదే. బ్లీచింగ్ పౌడరులో మాత్రం నిమ్మరసం, వెనిగర్, బాత్రూం యాసిడ్ ఏదీ కలపవద్దు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తలుపులు మూసిన చిన్న వంటింట్లో ఇది మరీ ఘోరం, పిల్లలున్న ఇళ్లవారు దయచేసి గుర్తుపెట్టుకోండి.

బోరు నీళ్ల తెల్ల పొరకు, అంటే కుళాయికీ కెటిల్ అడుగుకూ పట్టేదానికి, నిమ్మరసం లేదా వెనిగర్ చక్కగా పనిచేస్తుంది. అయితే మీ వంటింటి గట్టు కడప బండో తాండూరు బండో అయితే దాని మీద పులుపు చుక్క పడనివ్వకండి. అవి సున్నపురాళ్లు. పులుపు వాటినే తినేస్తుంది, నునుపు పోయి మిగిలే మచ్చను మళ్లీ పాలిష్ పట్టిస్తేగానీ తీయలేం. గ్రానైటుకు ఆ భయం తక్కువ.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. కంగారు పడకండి, క్షారం తగిలితే పసుపు గుణమే అంత. బాగా జాడించి ఎండలో పెట్టండి, ప్లాస్టిక్ డబ్బా అయినా రెండు మూడు ఎండలకు తేలిపోతుంది.

ఇక మా వైపు మార్పులు. కళాయి కూలి పెంచక తప్పలేదు. ఈ పని తెలిసినవారు మాకు ఒక్కరే ఉన్నారు, నిప్పుల ముందు కూర్చుని చేసే ఆ కష్టానికి పాత కూలి న్యాయం కాదు. పాత్ర తిరిగి ఇవ్వడానికి వారం రోజులు పడుతుంది. తెచ్చే ముందు పాత్ర లోపలి భాగాన్ని వెలుతురులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. తగరం పూత మీద అక్కడక్కడ ఎర్రగా రాగి, లేదా పసుప్పచ్చగా ఇత్తడి తొంగిచూస్తుంటే అందులో పులుసు, మజ్జిగ పోయడం ఆపి తీసుకురండి. పూత బాగుంటే ఇంకా అవసరం లేదని మేమే చెబుతాం.