సంచి మీద ‘ఎంత వేడినైనా తట్టుకుంటుంది’ అన్న మాట తీసేస్తున్నాం

మా దగ్గర కొబ్బరి చిప్ప నూక, పీచు ముక్కలు కొనే అందరికీ కవిటి నుంచి నమస్కారం.

2018లో తిత్లీ తుఫానుకు మా ఉద్దానం కొబ్బరి తోటలు కూలిపోయాక, దొరికిన కాయలో ఏదీ పారేయకూడదని మొదలెట్టిన పని ఇది. ఈ నూక, పీచు బోర్లు తవ్వేవాళ్లకు ఎందుకంటే, బోరు తవ్వేటప్పుడు లోపలికి పంపే మడ్ (బురద నీళ్లు) తిరిగి పైకి రావాలి. అదే రాతిని తొలిచే బిట్‌ను చల్లబరుస్తుంది, రాతిపొడిని మోసుకొస్తుంది. రాతిలో పగుళ్లుంటే మడ్ పైకి రాకుండా అటే పోతుంది. ఆ పగుళ్లకు అడ్డంపడేదే మన సరుకు.

మా సంచుల మీద ‘ఎంత వేడినైనా తట్టుకుంటుంది’ అని అచ్చు వేయించాం. అది తప్పు. ఎలా రాశామో చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. గుప్పెడు నూక ఇంట్లో కుక్కర్‌లో రెండు గంటలు ఉడికించాం, గోటితో నొక్కితే గట్టిగానే ఉంది. కుక్కర్ వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుందని అప్పుడు బుర్రకు తట్టలేదు!

పోయిన వేసవిలో ఒక కస్టమర్ మన సరుకును కెన్యాలో ఆవిరితో కరెంటు తీసే బావికి పంపారు. అడుగున 200 దాటిన వేడి. తొలిరోజు మడ్ పగుళ్లలోకి పోకుండా ఆగింది, మర్నాడు మళ్లీ పోయింది. తర్వాత మేమూ ల్యాబ్‌లో స్టీలు గొట్టంలో మడ్‌తో కలిపి, మూత బిగించి, 200 డిగ్రీల దగ్గర 16 గంటలు ఉంచి చూశాం. పీచు వేళ్ల మధ్య తడి టీ పొడిలా నలిగిపోయింది. నూక నల్లబడి, నొక్కితే విరిగింది. పీచులో పోగుల్ని పట్టి ఉంచే హెమీసెల్యులోజ్ అనే పదార్థం 150 దాటిన నీళ్లలో కరగడం మొదలెడుతుందట.

అలాగని వేడి బావిలో అసలు పనికిరాదనీ కాదు. ఆవిరి వచ్చేదీ ఆ పగుళ్లలోంచే. అక్కడ శాశ్వతంగా మూస్తే బావే పోతుంది. కొన్నాళ్లకు చివికిపోయే సరుకు, లేదా యాసిడ్‌కు కరిగే సున్నపురాయి పొడి అక్కడ నయం. పైన కేసింగ్ (బావి గోడ కూలకుండా దించే గొట్టం) దించే భాగంలో మాత్రం నిలబడేది కావాలి. అందుకు పనికొచ్చే అభ్రకం రేకులు మా దగ్గర లేవు, గూడూరు వైపు అడగండి. గుహలాంటి పగులైతే సిమెంటే దిక్కు.

ఆ కస్టమర్‌కు సరుకు డబ్బు వెనక్కిచ్చాం. రిగ్ ఆగిన రోజుల నష్టం మేం తీర్చగలిగింది కాదు.

నీళ్ల బోర్ల వాళ్లకు ఏమీ మారదు, రేటు కూడా. పాత సంచులుంటే ఆ మాట మార్కర్‌తో కొట్టేయండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడుగున వేడి ఎంతో చెప్పండి. 150 దాటితే పీచు ఇవ్వం. నూకైతే ఏ లోతులో వాడతారో అడిగాకే లోడ్ చేస్తాం.