ఆ 72 పరీక్షల్లో లేని పరీక్ష

తెనాలి,
ఆదివారం.

చి॥ల॥సౌ॥ వసుధకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆఫీసువాళ్ళు తగ్గింపు ధరకు ఇస్తున్నారని ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీ తీసుకున్నానని, అందులో 72 పరీక్షలు ఉన్నాయని మొన్న ఫోనులో సంబరంగా చెప్పావు. నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితాను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. కాలేయానికీ, మూత్రపిండాలకూ, పేరు కూడా నోరు తిరగని విటమిన్లకూ అందులో చోటు ఉంది గాని, 32 ఏళ్ళ స్త్రీకి అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష మాత్రం లేదు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ సూచనలేమైనా ఉన్నాయా అని చూసే ఆ పరీక్ష రక్తం తీసి చేసేది కాదు కనుక, ఇంటికి వచ్చి రక్తం పట్టుకెళ్ళే కుర్రాడి సంచిలో అది ఇమడదు. ఈ మాట ఫోనులో చెబితే ‘సరేలే అమ్మా’ అని తీసిపారేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

2004లో నన్ను ఆసుపత్రిలో చేర్చినప్పుడు అమ్మమ్మ వచ్చి నీకు జడలు వేసి బడికి పంపిన పది రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. అప్పటికి ఏడాదిగా నాకు తెల్లబట్ట అవుతుండేది, నడుము నొప్పి ఉండేది. ఆ ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకు గాని, అక్కడ ఒక స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు పడిందని, తీయించుకోకపోతే క్యాన్సర్‌లోకి దిగుతుందని చెప్పారు. పిల్లలు పుట్టాక ఆ సంచితో ఇంక పనేమిటని కూడా అన్నారు. క్యాన్సర్ అన్న మాట విన్నాక మీ నాన్నగారు మరో డాక్టరును అడుగుదామని కూడా అనుకోలేదు. నా గాజులు తాకట్టు పెట్టి మూడో రోజునే ఆపరేషన్ చేయించారు. నాకప్పుడు 37 ఏళ్ళు. తెల్లబట్ట చాలాసార్లు మందులతో తగ్గిపోయే ఇన్ఫెక్షన్ వల్ల అవుతుందనీ, క్యాన్సర్‌ను అనుమానించవలసిన మార్పులున్నాయో లేదో ముందుగా చూడడానికి ఐదు నిమిషాల పరీక్ష ఒకటి ఉందనీ చాలా ఏళ్ళ తరువాత గాని నాకు తెలియలేదు. తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపినట్టు ఒక్క కాగితమైనా మన ఇంట్లో లేదు. డిశ్చార్జి చీటీలో రాయకుండానే రెండు అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి, ఆ తరువాత ఎప్పుడో వేరే నొప్పికి స్కానింగ్ తీసినప్పుడు బయటపడింది.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇంత రాయను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అవసరమై చేసిన ఆపరేషన్లు వాటిలో లేవని నేను అనను. పెద్ద గడ్డలున్నవారికీ, ఆగని రక్తస్రావం ఉన్నవారికీ అది ప్రాణాలు నిలిపే పనే. కాని మా టీచర్ల గదిలోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం, ఆ నలుగురిలో ఆపరేషన్‌కు ముందు ముఖద్వారం పరీక్ష జరిగినవారు ఒక్కరూ లేరు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే నీకు బెరుకు పోతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఉచితంగా చేసే పద్ధతిలో, పలుచని ఎసిటిక్ యాసిడ్‌ను, అంటే వెనిగర్‌కు పులుపునిచ్చే పదార్థాన్ని, దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోటు తెల్లగా కనిపిస్తుంది. పాప్ స్మియర్‌లో కణాలను మెల్లగా గీసి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు, దాన్ని మూడేళ్ళకొకసారి చేయించుకోవాలి. అన్నిటికంటే నమ్మదగినది, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష. అందులో ఏమీ లేదని తేలితే కనీసం ఐదేళ్ళు నిశ్చింతగా ఉండవచ్చు. సాధారణంగా నొప్పి ఉండదు, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అంతే. నెలసరి రోజుల్లో మాత్రం వెళ్ళకూడదు. హెచ్‌పీవీ అన్నది వైవాహిక జీవితం మొదలైన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి దానంతటదే పోయే వైరస్ కనుక, ఫలితంలో ఆ పేరు కనిపించినా ఎవరి నడవడినీ అనుమానించవలసిన పని లేదు. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అంత వ్యవధి ఉండి కూడా మన దేశంలో ఏటా 75 వేలకు పైగా స్త్రీలు ఈ జబ్బుతో పోతున్నారంటే, ఎవరూ చూడకపోవడం వల్లనే.

చిన్నికి తొమ్మిదేళ్ళు నిండాయి కదా, దానికి పరీక్ష కాదు, ఈ హెచ్‌పీవీ రాకుండా టీకా కావాలి. పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ 2023 జనవరిలో విడుదలైంది. 9 నుంచి 14 ఏళ్ళ లోపు ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఇంత చిన్నపిల్లకు ఇప్పుడెందుకని మీ అత్తగారు అనవచ్చు. వైరస్ ఎదురుపడక ముందు వేస్తేనే ఆ టీకాకు పూర్తి బలం ఉంటుందని మర్యాదగా చెప్పు. టీకా వేసుకున్నా ముప్పై దాటాక దానికీ పరీక్ష తప్పదు.

రొమ్ముల విషయంలో నీ వయసుకు మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, అవసరం లేదు, కణజాలం దట్టంగా ఉండి సరిగా కనిపించదు కూడా. అది 40 దాటాక డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టవలసినది. ఇప్పుడు కావలసినది శిక్షణ పొందిన చేయి. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు 1998 నుంచి ఇరవై ఏళ్ళపాటు లక్షన్నర మంది స్త్రీలను గమనించి, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించిన వారిలో రొమ్ము క్యాన్సర్ ముందుగా దొరికిందనీ, 50 ఏళ్ళు, ఆపైబడిన వారిలో ఆ జబ్బుతో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయనీ చెప్పారు. తక్కువ వయసువారిలో మరణాల్లో అలాంటి తేడా కనిపించలేదు. అయినా గడ్డగాని, చర్మం లోపలికి లాగినట్టుగాని, రక్తం కలిసిన స్రావంగాని కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకు; నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి.

నీ ప్యాకేజీలో రక్త పరీక్షలు ఉన్నాయి, మంచిదే, వాటిలో రెండు నీకు ముఖ్యం. చిన్ని కడుపులో ఉండగా నీకు షుగర్ వచ్చి కాన్పు కాగానే పోయింది. పోయిందని నువ్వు మరిచిపోయావు గాని, అలా వచ్చిన వారికి తరువాతి ఏళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం చాలా ఎక్కువ కనుక ఏడాదికొకసారి చూపించుకోవాలి. రెండవది హిమోగ్లోబిన్, 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ లోపం ఉన్నప్పుడు, మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చు కాబట్టి ఆ రెండు అంకెలను కలిపే డాక్టరుకు చూపించు. బళ్ళో నేను ఇచ్చిన నీలం రంగు ఐరన్ మాత్రలను పిల్లలు జామచెట్టు మొదట్లో ఉమ్మేసేవారు, నువ్వేమో మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగి ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు, రెండూ ఒకటే.

నా సంగతికి వస్తే, అండాశయాలు పోయిన వారికి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అందరూ 65 ఏళ్ళకు చేయించుకునే, ఎముకల గట్టితనం కొలిచే డెక్సా పరీక్షను డాక్టరమ్మ నాకు ఇప్పుడే చేయించారు. తుంటి దగ్గర టీ-స్కోరు అనే అంకె మైనస్ 2.6 వచ్చింది, మైనస్ 2.5కూ అంతకన్నా కిందికీ పోతే ఎముకలు గుల్లబారిన జబ్బుగా (ఆస్టియోపోరోసిస్‌గా) లెక్కిస్తారట. మందులు మొదలుపెట్టాను, సాయంత్రాలు నడుస్తున్నాను, నువ్వు కంగారుపడవద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ నెలసరి తేదీ చూసుకుని టికెట్లు తీసుకో. కనుమ మరునాడు ఇద్దరం కలిసి వెళదాం. నేను బయట బల్ల మీద కూర్చుంటాను. నీ కాన్పు నాటి ఫైలు, చిన్ని టీకాల కార్డు మరిచిపోకుండా తీసుకురా. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ.