మన గేలం సంఘం ఏడాది రిపోర్టు: రబ్బరు చేపలు, పండుగప్పలు, కొన్ని తిట్లు

సభ్యులందరికీ నమస్కారం. ప్రతేడూ ఈ రిపోర్టు రాయడం సెక్రటరీ పని, సెక్రటరీ అంటే ఈ ఏడు నేనే, పోయిన మీటింగులో నేను టీ తాగడానికి బయటికెళ్లొచ్చేలోపు నన్ను ఎన్నేసుకున్నారు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా వెనక పేజీలో పెట్టారు, ఆ చేతిరాత అర్థం కాకపోతే ఆయన్నే అడగండి, నన్ను కాదు.

ఈ ఏడు మనం చేసిందల్లా ఒక్కటే అని చెప్పొచ్చు, రబ్బరు చేపల పిచ్చి. అంతకుముందు దాకా మనకి తెలిసింది రొయ్య, వానపాము, పిండిముద్ద, బెండు మునిగిందా లేదా అని చూస్తూ జంతికలు తినడం. తరవాత మన కుర్రాళ్లు అమెరికా వాళ్లు బాస్ చేపలు పట్టే వీడియోలు చూసి సాఫ్ట్ ప్లాస్టిక్ స్విమ్‌బెయిట్లు తెప్పించారు. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, అది మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన చిన్న చేప, తోక చివర గరిటె లాగ అడ్డంగా ఉంటుంది, రీల్ తిప్పి లాగుతుంటే ఆ తోక అటూ ఇటూ కొట్టుకుంటూ అచ్చం చేప ఈదినట్టే వస్తుంది, నీళ్లు బురదగా ఉన్నా ఆ అదురు చేపకి తెలిసిపోతుంది, ఎందుకంటే చేపకి పక్కల పొడుగునా ఒక గీత ఉంటుంది కదా, దాంతో నీళ్లలో కదలిక పట్టేస్తుంది.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చాలి, గ్రూపులో నలభైసార్లు "ఆ బాస్ చేప మన దగ్గర పడుతుందా" అనే అడిగారు. వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ మన వంశధారలోనూ లేదు, నాగావళిలోనూ లేదు, అది ఉత్తర అమెరికా మంచినీళ్ల చేప. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే పది కిలోల పైచిలుకు, దాని రికార్డు డెబ్భై ఏడేళ్లు ఎవరూ అందుకోలేదు, 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురితా దానికి సమానంగా పట్టాడు. జపాన్‌లో అది బయటినుంచి వచ్చిన చేప, అక్కడి చేపల్ని తినేస్తోందని 2005లో ప్రభుత్వం దాన్ని హానికర జాతుల జాబితాలో పెట్టింది. కాబట్టి "బాస్ పిల్లలు తెప్పించి చెరువులో వదుల్దాం" అన్న సభ్యుడు దయచేసి ఆ మాట మళ్లీ ఎత్తొద్దు. మనకి ఆ పేరుతో ఉన్నది ఆసియా సీబాస్, ఆస్ట్రేలియాలో బారముండి అంటారు, మన ఊళ్లలో అదే పండుగప్ప. రెండూ చుట్టాలు కావు, నోరు తెరిచి నీళ్లతో సహా గుటుక్కుమని మింగే పద్ధతి మాత్రం ఒకటే, అందుకే వాళ్ల ఎర మనకీ పనికొచ్చింది.

పనికొచ్చింది అంటున్నా గానీ మొదటి మూడు నెలలు ఏమీ పనికిరాలేదు. కళ్లేపల్లి దగ్గర నాగావళి మొగకి, అంటే నది సముద్రంలో కలిసే చోటుకి, ఎన్నిసార్లు వెళ్లామో, ఒక్క చేప లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన మమ్మల్ని చూసి "ఏటి బాబూ, రబ్బరు ముక్కకి పండుగప్ప పడతాదేటి, అదేటి ఎర్రిబాగుల్దా" అన్నాడు, అందరం నవ్వాం, ఆయన నవ్వలేదు. రంగు మార్చాం, సైజు మార్చాం, ఇంకో ప్యాకెట్ కొన్నాం. ఒకాయనైతే ముప్పై రంగులు కొన్నాడు, ఇంట్లో వాళ్లకి తెలీకుండా ఆఫీసు అడ్రసుకి తెప్పించుకున్నాడు, ఎవరో చెప్పను గానీ ఈ రిపోర్టు చదువుతూ ఇప్పుడు మీసం సవరించుకుంటుంటాడు.

చేప పడింది మా మేనకోడలికి. సెలవులకొచ్చింది, సరదాగా రాడ్ ఇచ్చాం, విసిరింది, ఈలోపు ఫోన్ వస్తే ఫోన్ మాట్లాడుతూ ఒక చేత్తో అలా అలా రీల్ తిప్పుతోంది, తిప్పుతోంది అనడం కూడా ఎక్కువే, మర్చిపోయి మధ్యలో ఆగిపోతోంది కూడా. పాటు చివర్లో నీళ్లు సముద్రం వైపు లాగుతున్న టైం, ఇసుక మేట అంచున కత్తిపరిగలు ఒక్కసారి చెల్లాచెదురయ్యాయి, "టుప్పు" మని చప్పుడు, రాడ్ వంగిపోయింది, ఫోన్ ఇసకలో పడింది. పావుగంట పట్టింది ఒడ్డుకి తేవడానికి, రెండుసార్లు గాల్లోకి ఎగిరి తల విదిల్చింది. టార్చ్ వేస్తే కళ్లు ఎర్రగా నిప్పుకణికల్లా మెరిశాయి, పండుగప్ప గుర్తు అదే. ఆ పిల్ల మాత్రం "మావయ్యా, మీరు అంత స్పీడుగా తిప్పితే చేప పరిగెట్టాలా ఏటి?" అంది. మూడు నెలలు మేం చేసిన తప్పు అదొక్కటే, రంగు కాదు, సైజు కాదు. తోక కొట్టుకోవడానికి ఎంత కావాలో అంతే తిప్పాలి, అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువైనా దండగే. ముసలాయనకి ఆ చేప చూపిద్దామని వెళ్లాం గానీ ఆయన అప్పటికే ఇంటికెళ్లిపోయాడు.

తరవాత వర్క్‌షాపు పెట్టాం, అంటే మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అక్కడ తేలిన ముఖ్య విషయం, గాలానికి రబ్బరు చేపని తిన్నగా గుచ్చకపోతే అది ఈదదు, గిరగిరా తిరుగుతుంది, దారం మెలికలు పడిపోతుంది. ముందు జిగ్ హెడ్‌ని, అంటే తల దగ్గర సీసం పోసిన గాలాన్ని, చేప పక్కన పెట్టి గాలం వంపు ఎక్కడికొస్తుందో గోటితో గుర్తు పెట్టుకోండి, ముక్కు మధ్యలోంచి గుచ్చి ఆ గుర్తు దగ్గరే పైకి తియ్యండి, వీపు మీదున్న అతుకు గీత మధ్యలోంచి రావాలి. కాలి దగ్గర నీళ్లలో ఒకసారి ఈదించి చూసి అప్పుడు విసరండి. సీసం బరువు లోతు తక్కువైతే 7 గ్రాములు, మొగ దగ్గర లాగుడు ఎక్కువున్నప్పుడు 14 దాకా. ఇంకోటి, పండుగప్ప చెంప మూత అంచు బ్లేడు లాగ ఉంటుంది, సన్న దారం దానికి తగిలిందంటే తెగడమే, చివర్న 40 పౌండ్ల లీడర్, అంటే లావు దారం, రెండు మూరలైనా కట్టుకోండి, చెయ్యి కూడా అటు పెట్టకండి, మన ఉపాధ్యక్షుల వారి బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి.

ఇక ఖర్చుల్లో "కరిగిపోయినవి" అని ఒక లైను చూసి చాలామంది ఫోన్లు చేశారు, దాని కథ ఇది. సంఘం డబ్బుతో కొన్న రబ్బరు చేపలన్నీ ఒక్క ప్లాస్టిక్ డబ్బాలో వేసి నేనే మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టా. ఇవి పీవీసీకి మెత్తదనం కోసం నూనె లాంటి మందు కలిపి చేస్తారు, టీపీఈ అని సాగే రకం ఇంకోటుంది, రెండూ ఒకదాన్నొకటి తగిలితే చాలు కరిగి అంటుకుపోతాయి, కొన్ని రకాల డబ్బాల్ని కూడా తినేస్తాయి. నాలుగు రోజులకి మూత తీస్తే డబ్బా అడుగున రంగురంగుల హల్వా. ఒక పచ్చ చేప కన్ను మాత్రం అందులోంచి నన్నే చూస్తోంది. డబ్బులు నేను కట్టేస్తానన్నా, కమిటీ వాళ్లు సగం చాలన్నారు, వాళ్ల మంచితనం. కొన్న కవర్లోనే ఉంచండి, వంకర పోకుండా తిన్నగా పెట్టండి, ఎండలో పెట్టకండి. తోక వంకరైనది ఉంటే వేడినీళ్లలో ముంచి తిన్నగా చేసి చల్లనీళ్లలో వెయ్యండి, మళ్లీ పనికొస్తుంది.

ఒక ఆన్‌లైన్ షాపు వాడు ఐదంగుళాలవి ఆర్డర్ పెడితే మూడంగుళాలవి పంపించి వాపసు తీసుకోలేదు, ఆ గొడవ ఇంకా నడుస్తోంది. కళింగపట్నంలో పొట్ట బుడగలా ఉబ్బించే చేపలు కత్తెరతో కోసినట్టు తోకలన్నీ కొరికేశాయి, ఒక్క పూటలో ఒక ప్యాకెట్ అయిపోయింది. అవి కొరకడం మొదలెడితే చోటు మారండి, అంతే, వేరే మందు లేదు.

విజయనగరం సభ్యుల కోసం చంపావతి సముద్రంలో కలిసే కోనాడ వెళ్లాం, రెండుసార్లూ ఉత్త చేతులే, ఆ పక్క జీడిమామిడి తోటల్లో అన్నాలు తిని వచ్చాం, అన్నం మాత్రం బాగుంది. మంచినీళ్ల వైపు తోటపల్లి బ్యారేజీ దిగువన తూడు మధ్యలో కొర్రమీనుకి ఇదే రబ్బరు చేపని ఆఫ్‌సెట్ గాలానికి (మెడ దగ్గర వంకరుండే రకం), మొన బయటికి రాకుండా గుచ్చి వేస్తే బాగా పనిచేసింది, నాచు పట్టుకోదు. అక్కడ రెండు మాటలు. రిజర్వాయర్లలో, చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సొసైటీల వాళ్లది, వాళ్లనడిగే వెయ్యాలి, అడిగితే కాదన్న వాళ్లు ఈ ఏడు ఒక్కరూ లేరు. రెండోది, వానాకాలంలో ఎర్రగా కొర్రమీను పిల్లల గుంపు నీటి మీద బుడబుడలాడుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, దాని మీద వేస్తే కోపంతో తప్పకుండా కొరుకుతాయి, తప్పకుండా పడతాయి కాబట్టే వెయ్యకూడదు. తల్లిని తీసేస్తే ఆ పిల్లలన్నీ సాయంత్రానికి మిగతా చేపలకి పలహారం.

ఇప్పుడు గొడవ జరిగిన విషయం. పండుగప్ప మొదట మగచేప, సుమారు ఆరేళ్లు దాటి పెద్దదయ్యాక ఆడదవుతుంది. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు మీటింగులో వచ్చిన జోకులు ఇక్కడ రాయలేను. అంటే పెద్దవన్నీ దాదాపు ఆడవే, ఒక్కో పెద్ద చేప లక్షల్లో గుడ్లు పెడుతుంది, అదీ మొగల దగ్గరికొచ్చి వానాకాలంలో, సరిగ్గా మనం రాడ్లు పట్టుకుని నిల్చునే చోట. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్లు 58 సెంటీమీటర్ల లోపువీ 120 దాటినవీ రెండూ వదిలెయ్యాలని రూలు పెట్టుకున్నారు. మనకలాంటి రూలు నాకు తెలిసి ఏదీ లేదు కాబట్టి మన సంఘం వరకు 80 దాటితే ఫొటో తీసి వదిలెయ్యాలని నేను ప్రతిపాదించా. "వలలోళ్లు టన్నులు పడుతుంటే మన ఒక్క చేపతో ఏటవుద్ది" అన్నారు, "పండుగప్ప పులుసు మీ ఇంట్లో పెట్టరా" అన్నారు, పెడతాం, నాకూ ఇష్టమే, చిన్న సైజుది ఇంకా రుచి. ఓటింగు సగం సగం వచ్చి ఆగిపోయింది, ఈసారి మళ్లీ పెడతా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మోటారు పడవలకి, ఒడ్డు మీద గేలం వేసేవాళ్లకి అది తగలదు. కానీ మత్స్యకారుల బోట్లు ఒడ్డెక్కి వాళ్లు ఖాళీగా కూర్చున్న రోజుల్లో మనం సరదాకి పట్టి ఫొటోలు పెట్టడం బాలేదని నాకనిపించింది, ఆ రెండు నెలలు సముద్రం వైపు ట్రిప్పులు పెట్టలేదు. కోప్పడ్డ వాళ్లు కోప్పడ్డారు.

చెత్త సంగతి. చిరిగిన రబ్బరు చేప నీళ్లలో వదిలితే కుళ్లదు, చేప మింగితే పొట్టలో ఉండిపోతుంది. తెగిన దారం ఇంకా ఘోరం, నౌపడ బురదల్లో తేలినీలాపురానికొచ్చే వలస పక్షులు మేత మేస్తాయి, ఒక పెలికాన్ కాలికి దారం చుట్టుకుని కుంటుతుంటే మేం నలుగురం చూస్తూ నిల్చున్నాం తప్ప దగ్గరికెళ్లలేకపోయాం. ఆరోజు నుంచి బ్యాగుకొక ఖాళీ వాటర్ బాటిల్ కట్టుకుంటున్నాం, దారం ముక్కలూ రబ్బరు తుక్కూ అందులోనే, నిండాక మాస్టారింట్లో ఇవ్వండి.

మొగ దగ్గర ఇసుక మేట ఒక వారం ఉన్నచోట ఇంకో వారం ఉండదు, మోకాలు దాటి దిగొద్దు. కళింగపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో విన్నాక కూడా "ఒకటో నంబరే కదా" అని బయల్దేరిన ఇద్దరి పేర్లు నా దగ్గరున్నాయి, వాళ్ల ఆవిడలకి ఇంకా చెప్పలేదు.

కొత్త ఏడాదికి చందా పాతదే. మొదటి ట్రిప్పు కళ్లేపల్లికే, పాటు టైం చూసి గ్రూపులో పెడతా, మేనకోడలు రావట్లేదు, పరీక్షలు. సంఘం చేతి వల ఎవరి దగ్గరుందో తెలీడం లేదు, నీలం పిడి, ఒక పక్క కన్ను తెగి ఉంటుంది, ఆఖరిసారి తోటపల్లిలో చూశాం. ఎవరింట్లో ఉంటే వాళ్లు రాత్రిపూట తెచ్చి మాస్టారి అరుగు మీద పెట్టేసి వెళ్లిపోండి, ఎవరూ ఏమీ అడగరు.